అమ్మవారి కాళ్ళ కింద కాలువ

పుదుచ్చేరిలో కత్తిరి ఎండలు ముదిరేసరికి సౌభాగ్యం పెరట్లో వంగ, బెండ, పొట్ల మూడూ తలలు వాల్చేశాయి. తెల్లదొరలు వేయించిన వీధి కొళాయి దగ్గర రోజుకు ఇంటికి రెండే బిందెలని ఆడవాళ్ళంతా కట్టుబాటు చేసుకున్నారు. అవి ఇంటి వాడకానికే చాలవు. బియ్యం కడుగు, అంట్ల నీళ్ళు, స్నానాల నీళ్ళు, అన్నీ ఆవిడ మొక్కలకే మళ్ళించింది. మొగుడు శంకరన్ కాళ్ళు కడుక్కోవాలన్నా వంగమడిలోనే నిలబడాలి. పాపం, ఆయనకి అలవాటైపోయింది.

అత్త తాయమ్మాళ్ మాత్రం ఊరుకోలేదు. "కత్తిరి పోయేలోపల ఒక్క కాయన్నా కాయకపోతే, చెట్లు పెరికేసి ఎనుముకు కొట్టం వేస్తా" అని తేల్చేసింది. గడువు ఇంకా తొమ్మిది రోజులే. సౌభాగ్యానికేమో ఆ పెరడంటే ప్రాణం. బెండ పూత కనబడితే ఆ రోజంతా కాళ్ళు నేలమీద ఆనవు.

అంతలో అమ్మవారి కరగం పండగ వచ్చింది. వేపాకులు చుట్టిన కుండ నెత్తిన పెట్టుకుని దేవరాజన్ ఆడుతూ వచ్చి, వీధి చివర వీళ్ళ ఇంటి ముందే ఆగుతాడు. ఆడవాళ్ళంతా దాచి ఉంచిన నీళ్ళలో పసుపు కలిపి తెచ్చి అతని కాళ్ళమీద పోస్తారు. ఏటా జరిగేదే. ఏటా ఆ నీళ్ళన్నీ మురుగు కాలువ పాలే. ఎంత అన్యాయం!

ఆ రోజు పొద్దున్నే సౌభాగ్యం గుమ్మం ముందు నుంచి పక్క సందు గుండా పెరటిదాకా జానెడు కాలువ తవ్వి, దాని మొదట్లో పెద్ద ముగ్గు వేసింది. కరగం మోసేవాడు ముగ్గులోనే కదా నిలబడాలి.

కానీ ఆవేశంలో ఉన్న మనిషికి ముగ్గేమిటి, గిగ్గేమిటి? దేవరాజన్ రెండు బారల అవతల ఆడుతున్నాడు. మొదటి బిందె మురుగులోకి పోయింది. రెండోదీ పోయింది. సౌభాగ్యం చేతికందిన వేపమండ పట్టుకుని, జుట్టు విరబోసుకుని తనూ ఎగిరింది. ఎగురుతూ ఎగురుతూ దేవరాజన్ చుట్టూ తిరిగి, మండతో తోలుకొచ్చి ముగ్గులో నిలబెట్టింది. డప్పులు రెచ్చిపోయాయి. పసుపు నీళ్ళు బిరబిరా సందులోకి పరుగెత్తాయి.

"మా కోడలి మీదికి అమ్మోరు వచ్చిందే" అని తాయమ్మాళ్ చేతులు జోడించింది. అమ్మవారు పూనితే ఇంటి పెద్ద ఒక ప్రశ్న అడగాలి, అది ఆచారం. ఆవిడ అడిగింది. "తల్లీ, పెరట్లో ఎనుము కొట్టం వేసేదా, వద్దా?"

డప్పులు ఆగిపోయాయి. వేయమంటే తోట పోతుంది. వద్దంటే అమ్మవారి పేరుతో అబద్ధం. సౌభాగ్యం నోరు తెరిచింది. నవ్వొచ్చింది. ఆపుకోబోతే ముక్కులోంచి వచ్చింది. ఇక లాభం లేక పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వింది.

"చూసినారు కదా? అమ్మోరు వద్దంటా ఉంది" అని తాయమ్మాళ్ వీధికంతా వినబడేలా చెప్పింది. తర్వాత కుంకం పెట్టే నెపంతో కోడలి చెవి దగ్గరికి వంగింది.

"తాళి కట్టేటప్పుడు కూడా ఇట్నే నవ్వినావు. ఈ నవ్వు నాకు తెలవదా? ఎగిరింది చాల్లే. పొట్లపాదుకు నీళ్ళింకా చేరలే, పోయి మడవ తిప్పు."