ఏనుగు ఇప్పుడే వెళ్ళింది

కబుర్ల బాబాయి "వాన పడుతోంది" అంటే ఆ వీధిలో ఎవరూ గొడుగు తీయరు. ముందు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తడిసిందో లేదో చూసుకుంటారు.

అలాగని అతని మీద ఎవరికీ కోపం లేదు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. ఫ్యానో, నీళ్ళ పంపో పట్టుకుని కొట్టుకి వచ్చినవాళ్ళకు తీగతోపాటు ఓ కబురు కూడా చుట్టి ఇచ్చేవాడు. తాను బాగుచేసిన ఫ్యాను విసురుకు ఓ ఇంటి పైకప్పు జానెడు లేచిందనీ, ఇంటాయన రెగ్యులేటరు తగ్గించాకగానీ దిగలేదనీ చెప్పేవాడు. జనం నవ్వుకుంటూ వినేవారు, ఫ్యాను పట్టుకుని వెళ్ళేవారు. నమ్మినవాడు లేడు. నమ్మమని అతనూ ఎవర్నీ బతిమాలలేదు, ఒక్క అక్కని తప్ప.

అక్కది ఎదురు వరసలో బట్టలు కుట్టే కొట్టు. చిన్నప్పుడోసారి వీళ్ళ ఇంటి వెనక నీళ్ళ ట్యాంకులో ఏనుగు స్నానం చేస్తోందని తమ్ముడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. పిచ్చిది నమ్మింది. నమ్మి, ఇనప నిచ్చెన ఎక్కి, ట్యాంకులోకి తొంగి చూసింది. అడుగున బెత్తెడు నీళ్ళు, ఓ కప్ప. "ఏదిరా?" అని పైనుంచి అరిస్తే, కింద నిలబడ్డ తమ్ముడు తడుముకోకుండా, "ఇప్పుడే వెళ్ళిందక్కా!" అన్నాడు. దిగడానికి భయమేసి ఆవిడ చీకటి పడేదాకా ఆ నిచ్చెన మీదే ఉండిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ జుట్టు నెరిసింది. కష్టానికీ సుఖానికీ ఒకరికొకరు ఆసరా అయ్యారు. కానీ తమ్ముడు చూపించినవైపు మాత్రం ఆవిడ మళ్ళీ తలతిప్పి చూడలేదు.

ఇలా ఉండగా బస్టాపు పక్కకి లెక్కల మేడం వచ్చింది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. శనివారాలు పొద్దుగూకాక పేవ్‌మెంటు మీద టెలిస్కోపు నిలబెట్టి, దారినపోయేవాళ్ళకు ఊరికే ఆకాశం చూపించేది. పాపం, ఆవిడ "రండి, భూమికీ దీనికీ మధ్య దూరం..." అని మొదలుపెట్టగానే జనం రాని బస్సు కోసం పరుగెత్తేవారు.

ఓ సాయంత్రం బాబాయి ఆగాడు. కన్ను పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు. గింజంత శనిగ్రహం, దాని నడుముకి ఉంగరం. వంగినవాడు లేచి, గొట్టం ముందువైపుకి వెళ్ళి, మూతిలోకి తొంగిచూశాడు.

"బొమ్మ ఎక్కడ అతికించారు మేడంగారూ?"

"మీరు ఫ్యాన్లలో గాలి ఎక్కడ నింపుతారో అక్కడే" అంది మేడం.

జీవితమంతా లేనివి చెప్పి నెగ్గుకొచ్చిన మనిషికి ఉన్నదొకటి ఎదురొచ్చి నిలబడితే ఎలా ఉంటుంది? ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. మరుసటి శనివారం ఓ పద్యం కట్టుకుని వచ్చాడు. వరసలో ముగ్గురు కూడా లేని చోట గొంతెత్తి అందుకున్నాడు:

"ఉంగరం పోయిందని ఊరంతా వెతికారు,
ఊడిపడ్డ ఉంగరం మింటికెగిరి కూర్చుంది;
పెట్టుకునే వేలు లేక, పారేసే మనసు రాక
నడుముకు తొడిగేసుకుని నడిచిపోతోంది శని!"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. ఒకరిద్దరు బస్సు వదిలేశారు కూడా.

అప్పట్నుంచి ఇద్దరికీ ఓ పద్ధతి కుదిరింది. భూమి తిరుగుతుంటుంది కదా, గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే గ్రహం అద్దంలో ఓ అంచున తొంగిచూసి, మెల్లిగా జారుకుంటూ రెండో అంచున మాయమైపోతుంది. అది అటునుంచి ఇటు వచ్చేలోగా ఒక మనిషికి ఒక పద్యం. పద్యమూ గ్రహమూ ఒకేసారి అయిపోవాలి. మేడం గొట్టాన్ని మళ్ళీ సర్దుతుంది, తర్వాతి మనిషి వంగుతాడు, బాబాయి మళ్ళీ గొంతెత్తుతాడు. అలా జారిపోకుండా గ్రహాన్ని వెంటాడే మోటారు తాను బిగిస్తానని బాబాయి ఓసారి మిక్సీ మోటారు తెచ్చి బిగించాడు. స్విచ్చి వేయగానే గొట్టం గిర్రున తిరిగి ఆకాశాన్నంతా రుబ్బేసింది. ఆ పూట మేడం అతనితో మాట్లాడలేదు.

జనం పెరిగారు. బాబాయికి మాత్రం ఒకటే దిగులు, వరసలో అక్క లేదు.

"ఒక్కసారి రావే అక్కా. శనికి ఉంగరం ఉంది, ఒట్టు."

ఆవిడ మిషను తొక్కుతూనే అంది: "శనిని చూడ్డానికి అంతదూరం నడవాలట్రా? ఇంట్లో నువ్వు చాలవూ?"

"ఊళ్ళోవాళ్ళంతా చూశారే!"

"ఊళ్ళోవాళ్ళెవరూ నిచ్చెన మీద కూర్చోలేదు."

బాబాయి తల గోక్కుంటూ బయటికి వచ్చేశాడు. పైగా గడువు ముంచుకొస్తోంది. గ్రహం వారం వారం పడమటికి దిగిపోతోందనీ, ఇంకో రెండు శనివారాలు పోతే పొద్దు వెలుగులో కలిసిపోయి సాయంత్రాలు నెలల తరబడి కనపడదనీ మేడం చెప్పింది. అక్క మోకాళ్ళు చూస్తే, ఈ ఏడు బస్టాపుదాకా నడిచే మనిషి వచ్చే ఏడు నడుస్తుందని పూచీ ఎవరిస్తారు? తాను చెప్పిన ఒక్క నిజమైనా అక్క నమ్మకుండా పోతుందేమోనని అతనికి గుబులు పట్టుకుంది.

చివరికి గుండీలు కుట్టించుకోవడానికొచ్చిన ఓ నర్సమ్మ చెప్పింది, "నిజంగానే ఉందండీ ఉంగరం, నేను చూశాను" అని. ఆ శనివారం అక్క కాస్త ముందుగా కొట్టు కట్టేసి, కర్ర ఊతంతో బస్టాపుకి వచ్చింది.

ఆవిణ్ణి చూడగానే బాబాయికి కాళ్ళు నేలమీద ఆగలేదు. అక్క కోసమని ఎప్పుడో ఓ ప్రత్యేకమైన పద్యం కట్టి దాచుకున్నాడు. పద్యమేమిటి, పెళ్ళి ఊరేగింపంత ఉంది. అందులో అమ్మ ఉంది, నాన్న సైకిలు ఉంది, అక్క కుట్టిన మొదటి చొక్కా ఉంది, దాని ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ కావడం కూడా ఉంది.

"కళ్ళు మూసుకునే కన్ను పెట్టవే. నేను 'చూడు' అన్నప్పుడే తెరవాలి. సరేనా?"

"సరే కానీ, నడుం నొప్పెడుతుంది."

"కవిగారూ..." అని మేడం గొణిగింది. అతను విననే లేదు. అమ్మ వచ్చింది, సైకిలొచ్చింది. మేడం మోచేత్తో పొడిచింది. చొక్కా దగ్గర జనం ఘొల్లుమని నవ్వారు, ఆ నవ్వుకి పొంగిపోయి చొక్కా చరణం రెండోసారి అందుకున్నాడు. అంతా అయ్యాక, "ఇప్పుడు చూడవే అక్కా!" అని చేతులు బార్లా చాపాడు.

అక్క కన్ను తెరిచింది. గొట్టంలో అంతా నల్లగా ఉంది.

"ఏదిరా?"

బాబాయి నోటివెంట అసంకల్పితంగా వచ్చేసింది: "ఇప్పుడే వెళ్ళిందక్కా."

మేడం గబగబా గొట్టాన్ని తిప్పింది. లాభం లేకపోయింది. గ్రహం పడమటి మేడ మీదున్న నీళ్ళ ట్యాంకు చాటుకి దిగిపోయింది.

"ట్యాంకు వెనక్కి పోయిందమ్మా, నిజంగా" అంది మేడం.

అక్క ఆ ట్యాంకు వంక చూసింది. తమ్ముడి వంక చూసింది. "ఏనుగు కూడా ఇలాగే వెళ్ళింది తల్లీ" అని, కర్ర అందుకుని వెళ్ళిపోయింది. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

ఆ వారమంతా బాబాయి కొట్టులో మోటార్లు మూలపడ్డాయి. పద్యాన్ని కత్తిరించాలని కూర్చునేవాడు. సైకిలు తీసేస్తే నాన్న ఏడుపుమొహం పెట్టినట్టుండేది, చొక్కా తీసేస్తే అక్కే లేనట్టుండేది. ఉన్న కబురుకి అతుకు వేయడం తప్ప తీసేయడం జన్మలో ఎరగడు. రోజూ మేడం దగ్గరికెళ్ళి వినిపించేవాడు.

"ఇంకా పొడుగే" అనేది ఆవిడ.

శుక్రవారం నాడు కూడా అదే మాట అంటే, "పోనీ గ్రహాన్నే కాస్త ఆగమనండి!" అని విసుక్కున్నాడు.

"అది మీ మాట వినదు కవిగారూ. ఆవిడ వింటుందేమో అడగండి. రేపొక్కరోజే ఉంది."

మర్నాడు పొద్దు వాలుతుండగా బాబాయి టెలిస్కోపుని తానే భుజాన వేసుకుని మోసుకొచ్చి, అక్క కొట్టు ముందు పెట్టించాడు. అక్కడినుంచైతే ట్యాంకు అడ్డురాదు. బస్టాపు జనం కూడా వెనకే వచ్చి వరస కట్టారు. అతను కొట్టులోకి వెళ్ళి, మిషను ముందు నిలబడ్డాడు.

"అక్కా, రా."

"మళ్ళీ ఏ ఊరేగింపు తెచ్చావు?"

"ఏమీ తేలేదు. పద్యం లేదు. నేను మాట్లాడను."

మిషను ఆగింది. అక్క కళ్ళజోడు పైకి జరిపి అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు? మాట్లాడవూ?"

అతను అడ్డంగా తలూపాడు.

"శని మాట ఎలా ఉన్నా, ఇది మాత్రం చూసి తీరాల్సిందేరా" అంటూ లేచింది. కొట్టులో దీపం తానే ఆర్పింది.

ఆవిడ వంగింది. మేడం "ఊఁ" అంది. బాబాయి రెండు పెదాలూ బిగించాడు, చాలక చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాడు. వరసలో వాళ్ళు సైతం ఊపిరి బిగబట్టారు. ఓ బస్సు వచ్చింది, వెళ్ళింది. అక్క భుజాలు కదల్లేదు. ఎంతసేపో తెలీదుగానీ, బాబాయికి మాత్రం మోటారుకి తీగ చుట్టినంతసేపు అనిపించింది.

"ఒరేయ్" అంది అక్క, కన్ను తీయకుండానే. "ఎక్కడా అంటుకోలేదురా అది."

బాబాయి నోటిమీది చేతిని ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఉంగరానికీ దానికీ మధ్య సందుంది. చుట్టూ సందే. ఒక్క టాకా అయినా వేయకుండా ఎలా నిలబెట్టార్రా?"

అతను మేడం వంక చూశాడు. చెప్పమన్నట్టు ఆవిడ కళ్ళెగరేసింది. మాటిచ్చాడు కాబట్టి అతను చెప్పలేదు. కళ్ళు మాత్రం మసకేశాయి.

"అయ్యో, పోతోంది, పోతోంది... పోయింది" అని అక్క నడుం పట్టుకుని నిటారుగా లేచింది. తమ్ముడి నోటికి అడ్డం ఉన్న చేతిని తన చేత్తో లాగేసింది.

"చాలు, ఇంక మాట్లాడు. ఊపిరాడక చస్తావు."

"చూశావా అక్కా?"

"చూశాను." ఆవిడ అరుగు అంచున కూర్చుని మోకాళ్ళు రాసుకుంది. "ఇంతకీ ఆ ఏనుగు ఎంతుండేదిరా?"

బాబాయి తెల్లమొహం వేశాడు. "ఏనుగు లేదే అక్కా."

"ఆ మాత్రం నాకు తెలీదూ? ఎంతుండేదో చెప్పు. ఇంత జనం నిలబడ్డారు."

వరసలో తర్వాతి మనిషి వంగి కన్ను పెట్టాడు. మేడం గొట్టాన్ని సర్ది, "పొట్టిగా, కవిగారూ" అంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.