ఎర్రకారు, బూడిదరంగు కారు

కారు కొంటున్నది డాక్టరు జయశీల. కావలిలో ఆమెకు చిన్న కాన్పుల ఆసుపత్రి ఉంది. ఒంటెద్దు బండిలో సముద్రపు పల్లెలకు తిరిగీ తిరిగీ నడుము విరిగాక ఇక కారు తప్పదనుకుంది. ఎంపిక మాత్రం ఆమె భర్త జీవానందం చేస్తున్నాడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పెద్దమనిషి, కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోతూ ఎర్రకారు చుట్టూ తిరుగుతున్నాడు.

బ్రోకరు నరసయ్య నెల్లూరు నుంచి రెండు కార్లు తెప్పించాడు. రెండూ ఒక తల్లి బిడ్డలే, ఒకే కంపెనీవి. ఎర్రదానికి రెండే తలుపులు. నేలను రాసుకుంటున్నట్టు కిందికి ఉంటుంది, తొక్కితే తారాజువ్వలా పోతుంది. బూడిదరంగుదానికి నాలుగు తలుపులు. ఎత్తుగా, సాధువుగా ఉంటుంది.

"అది కారా, ముసలి గేదె! నువ్వు దాంట్లో తిరిగితే నా స్టూడెంట్లు నవ్వరూ?" అన్నాడు జీవానందం.

"నేను పోయేది కాన్పులకండీ, పందేలకు కాదు."

అంతలో సముద్రపొడ్డు పల్లె తుమ్మలపెంట నుంచి కబురొచ్చింది. చేపలు పట్టేవాళ్ళ కోడలు అంకాలమ్మ నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది, బిడ్డ రావడం లేదు. జీవానందం మొహం వెలిగిపోయింది. "పద పద, ఎర్రదాంట్లో పోదాం. దాని సత్తా తేలిపోతుంది!" అన్నాడు. ఒక ఆడమనిషి ప్రాణం మీదికొస్తే ఈయనకు ట్రయలు దొరికిందా అని జయశీలకు ఒళ్ళు మండింది. కానీ వాదించే సమయం కాదు, ఎక్కింది. నరసయ్య బూడిదరంగుది తీసుకుని వెనక బయలుదేరాడు.

తారు రోడ్డు ఉన్నంతసేపూ జీవానందం ఈల వేశాడు. ఇసక మొదలయ్యేసరికి కారు పొట్ట గరగరా గీసుకుంది. పల్లె మొదట్లో ఆగింది.

అంకాలమ్మను అత్త మాలకొండమ్మ, మరొకామె చెరో రెక్కా పట్టి తెచ్చారు. ఆసుపత్రికి చేర్చాలంటే వెనకసీట్లో పడుకోబెట్టాలి. ముందుసీటు మడిచి, ఆ సందులోంచి దూరితేనే వెనక్కి పోగలరు. నిండు గర్భిణి ఎలా వంగుతుంది? సగంలో ఇరుక్కుని కేక పెట్టింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

జీవానందం ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ముందు పేపరు పరవండి! కారింకా మనది కాదు. ఈ చేపల కంపు జన్మలో పోదు."

నెత్తురూ ఉమ్మనీరూ చూసి ఏనాడూ మొహం తిప్పుకోని జయశీల, భర్త మొహం చూడలేక తల పక్కకు తిప్పేసుకుంది. ఇంతటి రోత ఆమె ఎరగదు.

బూడిదరంగు కారు నింపాదిగా వచ్చింది. నరసయ్య వెనక తలుపులు రెండూ బార్లా తీశాడు. అంకాలమ్మను ఎర్రకారులోంచి ఇవతలికి తీసి, దీని సీటు మీద పొడుగ్గా పడుకోబెట్టారు. ఇక కావలిదాకా పోయే వ్యవధి లేదు. జయశీల తెరిచిన తలుపు దగ్గర ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఆడపిల్ల పుట్టింది. జయశీల వీపు తట్టగానే గుక్కపెట్టి ఏడ్చింది.

మాలకొండమ్మ మనవరాలి వైపు చూడనే లేదు. కొంగుతో గబగబా సీటు తుడుస్తోంది. "కోప్పడబాకండి సామీ! నీళ్ళు తెచ్చి కడుగుతా. వాసనే లేకుండా కడుగుతా."

జయశీలకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముసలామె చెయ్యి పట్టుకుంది. "తుడవబాక అవ్వా. ముందు నీ మనవరాల్ని చూసుకో. ఈ కారు నేను కొంటుండా."

"కొనేదేంటి, పాడైపోతే!" అన్నాడు జీవానందం ఎర్రకారులోంచి. "ఇటు రా జయా, ఇక్కడ కంపు లేదు." అంటూ స్టార్టు చేసి గట్టిగా తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి ఇసకలోకి దిగబడిపోయాయి. ఇంకా తొక్కాడు, ఇంకా దిగింది.

జయశీల బూడిదరంగు కారెక్కి అంకాలమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. ముందుసీట్లో మాలకొండమ్మ బిడ్డనెత్తుకుని కూర్చుంది.

"జయా, ఎక్కడికి? పల్లెలో నలుగుర్ని పిలువు, బండి ఎత్తాలి!"

"పిలవమంటారా?" అంది జయశీల. "వాళ్ళ చేతులన్నీ చేపల కంపే కదండీ."

నరసయ్యను పోనిమ్మంది.