ఆదివారం కాలమ్‌లో చిన్న సవరణ

"ఏమోయ్, ఆ తెల్లబొమ్మ గురించి నువ్వేమంటావ్?"

చొక్కా కాలరు మీద ఆడుతున్న ఆమె ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. పందొమ్మిదేళ్ల కాపురంలో ఆయన "ఉప్పెక్కువైంది" అన్నాడు, "బొత్తాం ఊడింది" అన్నాడు, "నీకు తెలీదులే" అని రోజుకు మూడుపూటలా అన్నాడు. "నువ్వేమంటావ్" అనడం మాత్రం ఈ రెండునెలలుగానే. అప్పటినుంచే ఆయన ఫోనూ ఆమె పనిచేసే చోటల్లా బోర్లా పడుకుంటోంది. ఆయన పత్రికలో ఆదివారం కాలమ్ రాస్తాడు. ఆవిడ ఆ కాలమ్ రాసే మనిషికి వండిపెడుతూ కాలం గడుపుతుంది. అలాంటి మొగుడు ఉన్నట్టుండి పెళ్లాం అభిప్రాయం అడిగితే ఏ ఆడదానికైనా వచ్చే అనుమానమే ఆమెకూ వచ్చింది. ఎవతో ఉంది. తప్పు చేసినవాడికే ఇంత తీపి.

అయినా నోరు ఊరుకోదు కదా. ఊరంతా అదే గొడవ. ఎవరో కోటీశ్వరుడు ఒట్టి తెల్లరంగు పూసిన కాన్వాసు బొమ్మను కోట్లు పోసి కొన్నాడట. కళ అని కొందరు, కళ్లకు గంతలని కొందరు టీవీలో కొట్టుకుంటున్నారు.

"సున్నానికి అన్ని సున్నాలా అండీ!" అంది. "మా నాన్న ఊళ్లో సగం గోడలకు సున్నం వేశాడు. తడి మీద సున్నం నిజం చెప్పదమ్మా, ఆరనివ్వు, అప్పుడు చూడు తెలుపు అనేవాడు. ఆ డబ్బున్నాయన బొమ్మ కొన్నాడో, చుట్టూ ఉన్న గోడలు చూడకుండా ఉండటానికి తెర కొన్నాడో ఎవరికి తెలుసు? వాటికి సున్నం వేసినవాళ్లనెవరూ టీవీకి పిలవరు."

వీధి తలుపు మోగింది. ఆయన లేచి వెళ్లాడు. ఆమె ఫోను తిప్పింది. తెర మీద రికార్డింగు తాలూకు ఎర్రగీత ఒకటి గంతులేస్తోంది. ఇస్త్రీపెట్టె కాస్త గట్టిగా దించితే గీత ఎగిరింది. దగ్గితే ఎగిరింది. పరాయి ఆడదాని గొంతు కోసం రెండునెలలు చెవులు రిక్కించింది. తీరా చూస్తే లోపలున్నది తన గొంతే! కోపం ముంచుకొచ్చింది. నాన్న అన్నట్టు, ఆరనివ్వాలి. ఫోను మళ్లీ బోర్లించి, చొక్కా రెండో చెయ్యి ఇస్త్రీ చేసింది.

ఆదివారం పొద్దున్నే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని కొడుకు కాలమ్ పైకి చదివింది. పేరు "సున్నానికి అన్ని సున్నాలా!" నాలుగు వాక్యాలు మురిసిపోతూ చదివి, ఐదో వాక్యం దగ్గర ఆగింది.

"ఒరేయ్, 'సున్నం వేసే మా నాన్న' అని రాశావేమిట్రా? మీ నాన్న బ్యాంకు గుమస్తా! గోడకు మేకు కొట్టమంటే మేకును వదిలేసి వేలు కొట్టుకున్న మనిషి!"

"అబ్బా, అమ్మా! రచనలో అవన్నీ చూడకూడదు" అన్నాడాయన, కాఫీలోకి చూస్తూ.

"మా నాన్నను కూడా రాసేసుకున్నారా?" అంది ఆమె. గొంతు తనకే కొత్తగా వినిపించింది. మాటలు పోతే పోయాయి, నోట్లో ఇంకా బోలెడున్నాయి. వేళ్లు సున్నానికి పగిలి, అన్నం కలుపుకుంటే మండేవి ఆ మనిషికి. ఆ చేతుల్ని ఈ చొక్కా చేతుల్లో దూర్చేశాడా?

"మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటోయ్?"

"మగాడు అడిగితే చెప్పాలి, అడక్కపోతే వడ్డించాలి. పెద్దది చెయ్యకమ్మాయ్" అంది అత్తగారు. కానీ కళ్లజోడు తీసి, కొడుకు వంక అనుమానంగా చూస్తూనే అంది.

నీదీ నాదీ లేదన్న మాట ఆయన ఇస్త్రీపెట్టె దగ్గర ఎప్పుడూ అనలేదే అనుకుంది ఆమె. దాన్ని పక్కకు జరిపి, ఆ బల్ల మీదే కాగితం పరిచింది. పేజీ అడుగున పత్రికవాళ్లు సవరణలు వేసే చిన్న చోటుంది. అక్కడున్న చిరునామా చూసుకుని, మళ్లీ చదువుకోకుండా రాసింది.

"అయ్యా, ఈ ఆదివారం కాలమ్‌లో పొరపాటు దొర్లింది. సున్నం వేసింది రచయిత తండ్రి కాదు, మా నాన్న. ఆ మాటలన్నది నేను. నా గొంతు రచయితగారి ఫోనులో ఉంది, అడిగి వినండి. మిగతా వ్యాసంలో తప్పులేమీ లేవు."