మనసులో ఏమైనా ఉందా?

మా షెడ్డులో హామరు నడవాలంటే కరెంటు ఉండాలి, దాని దగ్గర నిలబడే ఇద్దరి మధ్యా ఏమీ ఉండకూడదు. ఇది అయ్యగారు పెట్టిన రూలు. ఆదివారం చిన్న చర్చిలో వాక్యం చెప్పే పాస్టరు, మిగతా రోజులు మాకు మేస్త్రీ.

ఒకడు ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో దాగలి దిమ్మ మీద ఆనించి తలూపుతాడు. రెండోవాడు కాలితో పెడలు తొక్కితే హామరు దిగుతుంది. ఇనుము ఆనకముందే తొక్కితే పట్టకారు కాడలు ఎగిరి తంతాయి. మణికట్టన్నా విరుగుతుంది, కాడలు పొట్టలోకన్నా దిగుతాయి. కావాలని తొక్కినా చూసేవాళ్ళకి పొరపాటు అనిపిస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఒకరినొకరు అడగాలి, "మనసులో ఏమైనా ఉందా?" అని. "ఉంది" అంటే జత మారుస్తారు. ఎందుకని ఎవరూ అడగరు.

కొలిమి దగ్గర పని నాది. దేవుడితో నాకు పేచీ లేదు, పరిచయమూ లేదు. ఈ రూలు విని మొదట్లో పడీ పడీ నవ్వాను. కానీ ఇంట్లో పెళ్ళాంతో కూడా నిజం చెప్పని వెధవలు ఆ ప్రశ్నకి మాత్రం నిజమే చెప్పేవాళ్ళు. నాతో సహా.

పెడలు దగ్గర ఉండేది ముక్తసరి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు కనక ఆ పేరు పెట్టాం. పట్టకారు పట్టేది వాడి అక్క మొగుడు. వీడు "బావా" అని పిలవడంతో షెడ్డంతటికీ బావ అయిపోయాడు. పనిలో అందర్నీ నవ్విస్తాడు, ఇంట్లో పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదుతాడు. ఆమె అయ్యగారింటికి పరిగెత్తడం, వెనకే వీడొచ్చి కాళ్ళ మీద పడి ఏడవడం, అయ్యగారు ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేసి పంపడం, ఇదొక తంతు. "మారతాడమ్మా, ఓపిక పట్టు" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు ముక్తసరి ఆలస్యంగా వచ్చాడు. బావ పట్టకారు అందుకుంటూ అలవాటుగా అడిగాడు.

"మనసులో ఏమైనా ఉందా రా?"

"ఏం లేదు బావా."

ఆ ప్రశ్న మీద మాకెంత గురి అంటే, వాడి ఎర్రబడ్డ కళ్ళు చూసి కూడా నేను వాడి మాటే నమ్మాను. ఇనుము తీసి ఇచ్చాను.

బావ దాన్ని దాగలి మీదికి తెచ్చాడు. ఇంకా ఆనించలేదు. హామరు దిగింది. కాడలు పొట్టలో గుద్దితే వాడు వెల్లకిలా పడ్డాడు. ఇనుము నా చెవి పక్కనుంచి ఎగిరి గోడకి తగిలింది. వాడు లేచేలోపే ముక్తసరి గుండెల మీదెక్కి మొహాన గుద్దులు మొదలుపెట్టాడు. ముక్కు పగిలింది. జుట్టు పట్టి ఆ కాలే ముక్క దగ్గరికి ఈడ్చి, చెంప దానికేసి నొక్కాడు. బావ పెట్టిన కేక నాకింకా వినిపిస్తూనే ఉంది. ముగ్గురం లాగినా ముక్తసరి వదల్లేదు.

అయ్యగారు పరిగెత్తుకొచ్చి వాడి చెయ్యి పట్టుకున్నారు. "ఏం లేదన్నావు కదరా!"

"ఉంది! ఎందుకు లేదు?" ముక్తసరి జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. రెండు పళ్ళు, నెత్తురు ఎండిపోయి. "అక్కవి. వంటింట్లో నేల మీద ఏరుకున్నా. దాన్ని ఆసుపత్రిలో పడేసి వస్తున్నా. కొట్టింది వీడు, సరే. పంపిందెవరు? ప్రార్థన చేసి మరీ పంపిందెవరు?"

వాడు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

అయ్యగారు వాడి చెయ్యి వదిలారు. పట్టకారు తీసుకుని, "ఇంకో ముక్క ఇవ్వు" అన్నారు నాతో. ఇవ్వనన్నాను. ఆయనే కొలిమిలోంచి తీసుకున్నారు. దాగలికి జానెడు ఎత్తున, ఆనించకుండా పట్టుకుని నిలబడ్డారు.

"పంపింది నేనే. తొక్కు."

"వద్దు అయ్యగారూ, వాడు మనిషిలా లేడు!" అని అరిచాను.

ముక్తసరి ఏడుస్తూనే వెళ్ళి తొక్కాడు.

ఎముక విరిగిన చప్పుడు హామరు మోతలో కూడా వినిపించింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డారు. మణికట్టు దగ్గర చర్మం చీల్చుకుని తెల్లగా ఎముక బయటికొచ్చింది. పళ్ళ బిగువున ఒక్క మాటే అన్నారు. "ఆ అమ్మాయి ఇక ఆ ఇంటికి వెళ్ళదు."

షెడ్డు ఓనరుకి మాత్రం, "నేను ఇనుము ఆనించలేదు" అని చెప్పారు. అబద్ధం కాదు కదా. ముక్తసరిని ఇక పెడలు దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళక్క ఆసుపత్రి నుంచి నేరుగా అయ్యగారింటికి, అమ్మగారి దగ్గరికి చేరింది.

కొన్నాళ్ళకి చెంపకి కట్టుతో బావ పనిలోకి వచ్చాడు. ఆదివారం చర్చిలో అందరి ముందూ ఏడ్చాడట, దేవుడు క్షమించేశాడట. "ఇంక అయ్యగారు దాన్ని పంపించేస్తారులే" అని నాతోనే అన్నాడు. అయ్యగారు మళ్ళీ కరిగిపోతారేమోనని నాకు నిజంగా భయం వేసింది.

పట్టకారు తీసుకుని, పెడలు దగ్గరున్న కొత్తవాణ్ణి అడిగాడు. "మనసులో ఏమైనా ఉందా?"

"ఉంది."

లేతు మిషను వాణ్ణి పిలిచాడు. "ఉంది" అన్నాడు. వెల్డరు తల కూడా ఎత్తకుండా "ఉంది" అన్నాడు. నా దాకా రాకముందే నేను అరిచాను. "నాకూ ఉంది, బోలెడంత!"

బావ నవ్వబోయి ఆగాడు. మెడకి వేలాడే కట్టులో చెయ్యి పెట్టుకుని అయ్యగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. వాడు ఆయన వైపు తిరిగాడు.

"కాలు బాగానే ఉంది కదా అయ్యగారూ, మీరే తొక్కండి. క్షమించమని చెప్పేది మీరే కదా. మీ మనసులో ఏమైనా ఉందా?"

ఆయన తలెత్తి వాణ్ణి చూశారు. కళ్ళనిండా నీళ్ళు.

"ఉంది" అన్నారు.

బావ పట్టకారు దాగలి మీద పెట్టి బయటికి నడిచాడు.