లోపలినుంచి తెరిచిన డిక్కీ

నేను ఒక పాత కారు వెనక తలుపుని. డిక్కీ అంటే అందరికీ తెలుస్తుంది. ఫ్యాక్టరీలో బిగించిన కొత్తలో వేలితో తడితే చాలు, లేచి నిలబడేదాన్ని. మొదట ఒక పళ్ళ డాక్టరు దగ్గర నాలుగేళ్ళున్నాను. ఆయన నన్ను ధడాలున వేసేవాడు. తర్వాత మండపేటలో జిరాక్సు షాపు సూరిబాబు కొనుక్కున్నాడు. ఆయన భార్య సత్యవేణి నాకు అక్కడే పరిచయం.

ఆవిడకి భయం అన్నం లాంటిది, రోజూ కావాలి. "దారిలో ఇది తెరుచుకుంటే మన గతేంటండీ?" అనేది. అందుకే ప్రతి దసరాకీ మిగతా కారుకి ఒక్కో బొట్టు పెట్టి, నాకు మాత్రం తాళం కన్నం నిండా పసుపూ కుంకుమా మెత్తేది. నా మీద అంత అక్కర అంతకుముందు ఎవరు చూపించారు గనక! పదేళ్ళు కాదనకుండా మింగాను.

ఒక మాఘమాసం ఉదయాన కూతురు భవానికి నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి చేరాక నర్సు బయటికొచ్చి, "రిపోర్టుల ఫైలేదమ్మా? తోడు ఒక్క ఆడమనిషి రావచ్చు, త్వరగా" అంది. ఫైలు డిక్కీలో, సంచిలో ఉంది. సీట్లో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని సత్యవేణే అక్కడ పెట్టింది. సూరిబాబు తాళంచెవి తిప్పాడు. తిరగలేదు. గట్టిగా తిప్పాడు. వంగింది.

"అమ్మ ఏదీ అని ఏడుస్తోందండీ మీ అమ్మాయి!" నర్సు మళ్ళీ వచ్చింది.

"చూశారా, నేననుకున్నంతా అయింది!" అంటూ సత్యవేణి కొంగు దోపి, వెనక సీటు ఎక్కి, దాని వీపు మీదుగా నా వైపు సామాన్ల చోటులోకి దూకింది. సంచి అందుకుని కిటికీలోంచి మొగుడికి విసిరింది. తీరా వెనక్కి వద్దామంటే నడుం పట్టేసింది.

"ఉండవే, ఎవరినైనా పిలుచుకొస్తా."

"ముందు ఫైలిచ్చి రండి! నేను లేకుండా అమ్మాయిని లోపలికి తీసుకెళ్తే నా ప్రాణం నిలవదు."

కారు కాలవలో పడితే ఎలా బయటపడాలని ఆవిడ ఒకసారి మెకానిక్‌ని గుచ్చి గుచ్చి అడిగింది. అతను నవ్వుతూనే నా లోపలి అట్ట వెనక చిన్న మీట చూపించాడు. ఇప్పుడా అట్టని అక్కడే ఉన్న అన్నం క్యారేజీలోని గరిటెతో పెకలించింది. మీట నొక్కి, రెండు కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది. లేచాను. చెప్పులు నా దగ్గరే వదిలేసి పరిగెత్తింది.

సమయానికి చేరుకుందిట. భవాని చెయ్యి ఆవిడ చేతిలో ఉండగానే మనవరాలు పుట్టిందని, ఇంటికెళ్తూ సీట్లో చెప్పుకుంటుంటే విన్నాను.

తర్వాత మెకానిక్ నా తాళంలోంచి రాయిలా గట్టిపడ్డ పసుపు గీకి తీస్తూ, "ఎవరండీ ఈ పని చేసింది?" అని అడిగాడు. ఆవిడ ఆకాశంకేసి చూసింది.

ఇప్పుడు పాత ఇనుప కొట్లో గోడకి ఆనుకుని ఉన్నాను. ఈ కథ విని పక్కనున్న బానెట్టు, "అంత పిరికి మనిషితో అన్నేళ్ళెలా వేగావు?" అంటుంది.

పిరికిదా! ఆ తన్ను తిన్నది నేనమ్మా.