గాట్ల కర్ర

పెద్దింట్లమ్మ తూము నోట్లోంచి మూడో గంప పూడిక తీసి గట్టున బోర్లించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మనిషి పొట్టి. పార కర్ర ఆమెకన్నా జానెడు పొడుగు. ఎర్రచీర మోకాళ్ల పైకి దోపుకుంది. పిక్కల దాకా నల్లటి బురద ఉన్నా, ముఖం మాత్రం అప్పుడే కడుక్కున్నట్టు తేటగా ఉంది.

రాజమండ్రిలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఇదే. ఈ రోజుతో ఆఖరు. సాయంత్రం మునిసిపాలిటీ మస్టరు ఆఫీసులో పార అప్పజెప్పి వేలిముద్ర వేస్తే రిటైరైనట్టే. ఈ సంగతి కాలనీలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

తూము పక్కన కాలనీకి ఉమ్మడిగా వదిలిన పల్లపు స్థలం ఉంది. వాన పడితే చుట్టుపక్కల వీధుల నీళ్లన్నీ అందులో చేరి, తూములోంచి మెల్లగా పోతాయి. మిగతా రోజుల్లో అక్కడ గడ్డి, గేదెలు, ఒక నేరేడు చెట్టు. ఇన్నేళ్లూ పెద్దింట్లమ్మ మధ్యాహ్నం అన్నం తిన్నది ఆ చెట్టు కిందే. ఒక్కరు కూడా లేవమనలేదు. ఆ నేలంటే ఆమెకు పుట్టింటి మీద ఉన్నంత కృతజ్ఞత.

ఇప్పుడు దాన్ని మట్టితో నింపి షాపింగ్ కాంప్లెక్స్ కడతారట. కొలతల మేకులు కూడా దిగాయి. ఆ ఉదయం ఇంజినీరు శశిభూషణ్ స్థలం చూడడానికి వచ్చాడు. కాలనీవాళ్లకు ముందు రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ సంపూర్ణమ్మగారు నిలబడ్డారు.

"దీన్ని పూడిస్తే వాన నీళ్లు మా ఇళ్లలోకొస్తాయండి," అన్నారావిడ.

ఇంజినీరు ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. "ఇది మీ అర్జీయే కదండీ? దోమలు పెరిగిపోయాయి, పల్లం పూడ్చండి అని రాశారు."

నిజమే. నాలుగేళ్ల కిందట కాలనీ అంతా పోటీపడి సంతకాలు చేసింది. మొదటి సంతకం హెడ్మిస్ట్రెస్ గారిదే. ఎంత చదువుకున్నవాళ్లకైనా దోమ కుట్టేటప్పుడు వరద గుర్తుకు రాదు కదా!

"పొరపాటు చేశామండి," అన్నారు సంపూర్ణమ్మగారు తల దించుకుని.

"అదలా ఉంచండి. నీళ్లు ఎంత ఎత్తొస్తాయో ఆధారం ఏమన్నా ఉందా?"

ఎవరి దగ్గరా లేదు. పెద్దింట్లమ్మ బురద కాళ్లతోనే ముందుకొచ్చింది.

"నా కర్ర మీద ఉందండి, ఆయ్."

పారకు బిగించిన వెదురు కర్ర నిండా గాట్లు. పెద్ద వాన పడితే తూముకు చెత్త అడ్డం పడుతుంది. తీయాలంటే నీళ్లలోకి దిగాలి. దిగేముందు తూము అరుగు మీద కర్ర ఆనించి లోతు చూసుకోవడం, తడిసినంత మేరకు గాటు పెట్టుకోవడం ఆమె అలవాటు.

"పీక దాటితే మునిగిపోతానండి. అందుకే గుర్తు. ఈ కింది గాటు పుష్కరాల ఏడాదిది. పైది తొంభయ్యారు తుపానుదండి. ఆ రోజు మా ఆయన తాడు పట్టుకుంటే దిగాను."

ఇంజినీరు కర్రను తూము అరుగు మీద నిలబెట్టి, పై గాటు దగ్గర్నుంచి మట్టం చూసే లెవెల్ ట్యూబు పట్టించాడు. ట్యూబులో నీళ్లు సంపూర్ణమ్మగారి ఇంటి మూడో మెట్టు దగ్గర ఆగాయి. నాలుగో మెట్టు మీదే గడప.

"పల్లం ఖాళీగా ఉంటేనే ఇంత! పూడిస్తే ఇంకేముంది, ఇళ్లలోకే. పూడ్చకూడదనే రాస్తానండి. ఈ లెక్క చూశాక పైన ఎవరూ సంతకం పెట్టరు." ఆయన అక్కడికక్కడే మేకులు పీకించాడు.

సంపూర్ణమ్మగారు పెద్దింట్లమ్మ చెయ్యి బురదతో సహా పట్టుకున్నారు. "తెల్లారేసరికి నీళ్లు తీసేస్తే, వాన తగ్గి వాటంతటవే పోయాయనుకున్నామే తల్లీ. నువ్వు పీకలోతులో దిగావని మాకెవరికీ తెలీదు." ఆవిడ కళ్లు నిండాయి.

"చెట్టు కింద అన్నం తిననిచ్చారు కదండీ," అంది పెద్దింట్లమ్మ సిగ్గుపడుతూ.

"రేపు నా పక్కన కూర్చుని తిందువుగాని."

పెద్దింట్లమ్మ నవ్వింది. రేపు రానని చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రం రాయితో కొట్టి పారను కర్ర నుంచి విడదీసింది. ఇనుము ఆఫీసుది, కర్ర తన సొంతం. ఇంటికి పట్టుకుపోవచ్చు. రేపు ఈ పనికొచ్చే మనిషి ఎంత పొడుగో ఏమో! కాసేపు ఆలోచించి, పారను మాత్రం గంపలో వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం సంపూర్ణమ్మగారు రెండు విస్తళ్లు, క్యారేజీ పట్టుకుని నేరేడు చెట్టు దగ్గరికొచ్చారు. తూము దగ్గర ఎవరో కొత్త మనిషి పూడిక తీస్తున్నాడు. అతని పక్కన తూము అరుగు మీద గట్టుకానించి నిలబెట్టిన వెదురు కర్ర, పై గాటుకు ముడి వేసిన ఎర్రచీర పేలిక.