రవాణాలో ఉన్న కోటు

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. విమానం ఎక్కబోయేదీ నేనే మొదలు. ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. డిగ్రీ ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష అయిన మర్నాడే విదేశంలో వేసవి శిక్షణకు ప్రయాణం. పంపించేది కాలేజీయే కాబట్టి, పరీక్ష తప్పితే ప్రయాణమూ లేదు.

అంచేత వీసా వరుసలో నిలబడి కెమిస్ట్రీ వల్లె వేశాను. ల్యాబ్‌లో కూర్చుని విమానం బెల్టు పెట్టుకునే వీడియో చూశాను. వీసా ఆఫీసరు "ఎందుకు వెళ్తున్నారు?" అంటే నా నోట టైట్రేషన్ నిర్వచనం వచ్చింది. ఆయన భయపడ్డాడో ఏమో, వీసా ఇచ్చేశాడు.

"నువ్వు చదువుకో అమ్మలూ, సర్దడం నాకొదిలెయ్," అన్నాడు నాన్న.

నాన్న పార్సిల్ ఆఫీసులో మూటలు కడతాడు. ఆయన కట్టిన మూట లారీ మీంచి పడితే దెబ్బ రోడ్డుకే అంటారు అక్కడ. కొత్త సూట్‌కేసు చూసి, "చక్రాలున్న పెట్టెకి నిలకడ ఉండదు," అని పెదవి విరిచాడు. అన్నీ సర్ది, సూట్‌కేసు చుట్టూ గోనెగుడ్డ చుట్టి, దబ్బనంతో కుట్టి, కుట్ల మీద లక్కముద్రలు వేసి, విదేశీ చిరునామా రాసేశాడు.

పరీక్ష రోజు పొద్దున్న చూస్తే తలుపు వెనక నా తెల్లకోటు లేదు. అది లేనిదే ల్యాబ్ గుమ్మం దాటనివ్వరు. అరువు అడుగుదామంటే క్లాసు మొత్తానికీ అదే పూట పరీక్ష.

"అమ్మా, నా కోటేది?"

"మూటలో. చలిదేశం కదే! మీ నాన్నే గుర్తుపెట్టుకుని మరీ సర్దాడు."

"అది చలికోటు కాదమ్మా, పరీక్షకోటు!"

కత్తెర పట్టుకుని ఉరికాను. నాన్న అడ్డం నిలబడ్డాడు.

"ముద్ర పడ్డాక దారిలో విప్పకూడదు."

"మంచం మీదుంటే దారేంటయ్యా?" అంది అమ్మ.

"మంచం మీద లేదు. రవాణాలో ఉంది."

"ఆ రవాణా మీద కూర్చునే కదా ఇందాక కాఫీ తాగావ్!"

"ఇన్నేళ్లలో ఒక్క ముద్ర చెరపలేదే నేను. ఊళ్లోవాళ్ల మూటకో న్యాయం, నా కూతురి మూటకో న్యాయమా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఏడిస్తే కరిగేది నాన్నే, లక్క కాదు. ఆయన దారిలోనే వెళ్లాలి.

"మరెవరు విప్పొచ్చు నాన్నా?"

"అందుకోవాల్సినవాళ్లు, అందాల్సిన చోట."

"ఆ చోటు మారితే?"

నాన్న మొహం వెలిగింది. "పంపినవాడు ఒప్పుకుంటే చిరునామా మార్చొచ్చు!"

పంపినవాడు ఆయనే. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. విదేశాన్ని కొట్టేసి 'కెమిస్ట్రీ ల్యాబ్, మొదటి అంతస్తు' అని రాశాడు. స్కూటర్ మీద ముందు నాన్న, నడుమ మూట, ఆ మూటని కావలించుకుని నేను బయల్దేరాం. బ్రేకు పడ్డప్పుడల్లా ముక్కుకి లక్క తగిలింది.

ల్యాబ్ గుమ్మంలో వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు నిలబడి ఉన్నారు.

"ఏంటయ్యా ఇది?"

"డెలివరీ సార్."

"లోపలేముంది?"

"అడక్కూడదు సార్. సరుకు ఆవిడది." నాన్న నా వైపు తిరిగాడు. "ముద్రలు సరిగ్గా ఉన్నాయో చూసుకోండమ్మా."

పుట్టి బుద్ధెరిగాక నాన్న నన్ను 'అండీ' అనడం అదే మొదలు. "ఉన్నాయండీ," అన్నాను.

అప్పుడు గానీ దారం తెగలేదు. తెల్లబట్ట మాయకూడదని నాన్న కోటుని అట్టడుగున పెట్టాడు. దిండు తీసి సారు చేతుల్లో పెట్టాను. ఆ పైన బట్టలారేసే తాడు, చీపురు.

"అక్కడ చీపుర్లు దొరకవా?" అన్నారు సారు దిండు మీంచి.

"దొరికితే మా అమ్మాయి దీన్ని వెనక్కి తెచ్చేస్తుంది సార్," అన్నాడు నాన్న.

కోటు దొరికింది. దులిపితే జేబుల్లోంచి అమ్మ వేసిన కలరా ఉండలు జలజలా రాలి సారు బూట్ల కిందికి దొర్లాయి. అవి ఏరి పారేశాను గానీ, వాసన మాత్రం నాతోపాటే లోపలికొచ్చింది. నాకిచ్చిన తెల్లపొడి ఏమిటో కనిపెట్టాలి. వాసన చూస్తే కలరా ఉండ. పక్కవాడి పొడి చూసినా కలరా ఉండే. ముక్కుని నమ్మితే మునిగిపోతానని ఒక్కో పరీక్షా ఓపిగ్గా చేసి, బెంజోయిక్ ఆమ్లం అని రాశాను.

"ఈ వాసనలో ఎలా కనిపెట్టావ్?" అన్నారు సారు.

"ముక్కుని పక్కన పెట్టేశాను సార్."

"నేనూ అదే చేస్తున్నాను," అని ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని మార్కులు వేశారు. కాగితం నా వైపు తిప్పి చూపించారు. గట్టెక్కాను.

బయటికొచ్చేసరికి వరండాలో నాన్న దబ్బనంతో చివరి కుట్టు వేస్తున్నాడు. మళ్లీ అదే గోనె, అదే విదేశీ చిరునామా. కానీ ఈసారి మూటకి ఓ పక్క జిప్పుంది.

"ఇదెక్కడిది నాన్నా?"

"మీ అమ్మ చేతిసంచీది. నువ్వు లోపలున్నప్పుడు ఇంటికెళ్లి ఊడదీసుకొచ్చా." తల వంచుకునే అన్నాడు. "దారిలో నీకేమన్నా కావాల్సొస్తే, అక్కడ చిరునామా మార్చడానికి నేనుండను కదా."

నేను మాట్లాడేలోపే నాన్న అగ్గిపుల్ల గీసి, లక్క కరిగించి, జిప్పు మీద భద్రంగా ముద్ర వేసేశాడు.